లక్షన్నర పెట్టి లెన్స్ కొనాలా? సర్ సి.వి. రామన్ జీవితంలో ఒక జవాబు



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు మార్కుల మాట అయిపోయాక కూడా కుర్చీలోంచి లేవలేదు. ఆయన స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ చేస్తారు. వాళ్ళ బాబు తొమ్మిదో తరగతి, మన ఫొటోగ్రఫీ క్లబ్‌లో ఉన్నాడు. ఇంట్లో ఒక కెమెరా, దానితో వచ్చిన మామూలు కిట్ లెన్స్ ఉన్నాయి. ఇప్పుడు బాబు పెద్ద జూమ్ లెన్స్ కావాలంటున్నాడు. ఖరీదు లక్షన్నర పైమాటే. సొసైటీ లోన్ పెట్టడానికి ఆయన సిద్ధంగానే ఉన్నారు. ఆయన తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. అంత డబ్బు పోస్తే ఆ లెన్స్‌లో నిజంగా అంత విషయం ఉందా, లేక కంపెనీ పేరుకే ఆ ధరా?

నేను చెప్పే సబ్జెక్టు ఇంగ్లీషు. కెమెరా పట్టుకోవడం కొంచెం వచ్చు కాబట్టి క్లబ్ బాధ్యత నాకు ఇచ్చారు. అప్పటికప్పుడు అవుననీ చెప్పలేకపోయాను, కాదనీ చెప్పలేకపోయాను. లోన్ కట్టేది ఆయన, కోరిక పిల్లాడిది. నోటికొచ్చింది చెప్పేస్తే ఇద్దరిలో ఒకరు బాధపడతారు. ఆలోచించి చెబుతానన్నాను. మీలో చాలామంది ఇళ్ళలో ఇదే ప్రశ్న కెమెరా రూపంలో కాకపోతే కీబోర్డు, క్రికెట్ బ్యాట్, ల్యాప్‌టాప్ రూపంలో ఉంటుంది కాబట్టి అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

జవాబు వెతుకుతుంటే మన ఊళ్ళోనే పెరిగిన ఒక పిల్లాడు గుర్తొచ్చాడు. ఏటా ఫిబ్రవరి 28న మన పిల్లలు చార్టులు పట్టుకుని సైన్స్ డే చేసుకునేది ఆయన వల్లే. సర్ సి.వి. రామన్. ఆయన ఫొటోగ్రాఫర్ కాదు. కానీ ఏ పరికరానికి ఎంత ఖర్చు పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్న విషయంలో ఆయన జీవితం చూస్తే మనకు చాలా తెలుస్తుంది.

విశాఖలో బాల్యం

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లిలో పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్, తల్లి పార్వతి అమ్మాళ్. ఎనిమిది మంది పిల్లల్లో రామన్ రెండోవారు. 1892లో తండ్రికి విశాఖపట్నంలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మనం ఇప్పుడు మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ అని పిలుస్తున్న కాలేజీ అది. మూడు నాలుగేళ్ళ వయసులో రామన్ అలా మన ఊరి పిల్లాడయ్యారు.

సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఇప్పటి ఇంటర్‌తో సమానమైన ఎఫ్.ఏ. పరీక్ష పదమూడేళ్ళకు ప్యాసయ్యారు. ఇల్లు డబ్బున్న ఇల్లేమీ కాదు. లెక్చరర్ జీతం, నిండుగా పిల్లలు. అయితే ఆ ఇంట్లో లెక్కల పుస్తకాలు, సైన్స్ పుస్తకాలు ఉండేవి. తండ్రి వయొలిన్ వాయించేవారు. పిల్లాడికి ఈ రెండూ వంటపట్టాయి.

కాలేజీ పేరులో ఉన్న ఎ.వి.ఎన్. అంటే ఎవరో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయన అంకితం వెంకట నరసింగరావు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించారు. మామగారి తరువాత నరసింగరావు దాన్ని నడిపారు, ఆరంగుళాల లెన్స్ ఉన్న టెలిస్కోపును కూడా తెప్పించారు. 1874 డిసెంబర్‌లో శుక్రగ్రహం సూర్యుడి ముందు నుంచి దాటుతుంటే విశాఖలోనే పరిశీలించి, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. మంచి లెన్స్ కోసం డబ్బు పెట్టిన మనుషులు మన ఊళ్ళో నూట యాభై ఏళ్ళ క్రితమే ఉన్నారన్నమాట.

అందరూ వాడిన పరికరంతో మొదటి పేపర్

విశాఖ నుంచి రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళారు. 1904లో బి.ఏ. ఫస్ట్ క్లాసులో ప్యాసై, ఫిజిక్స్‌లో బంగారు పతకం తీసుకున్నారు. అక్కడ ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్ అనే పరికరం ఉండేది. పట్టకం కోణాలు కొలవడానికి ప్రతి బ్యాచ్ పిల్లలూ దాన్నే వాడేవారు. కొలిచి, రికార్డులో రాసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయేవారు.

రామన్ ఆ పరికరంలోనే ఒక వింత గమనించారు. వెలుగు బాగా వాలుగా పడినప్పుడు ఏర్పడే చారలు రెండు వైపులా ఒకేలా లేవు. ఎందుకు లేవని ఆయన ఆగి చూశారు, లెక్క వేశారు, పేపర్ రాశారు. 1906లో లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజీన్ దాన్ని అచ్చువేసింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు.

కొత్త పరికరం ఏదీ కొనలేదు. కాలేజీలో ఉన్నదే, అందరి చేతుల్లో నలిగినదే. మీ బాబు దగ్గరున్న కిట్ లెన్స్ కూడా అలాంటిదే. అందరికీ అదే లెన్స్ వస్తుంది, అందులోంచి ఏం చూస్తారన్నది మాత్రం చూసేవారిని బట్టి ఉంటుంది.

ఉద్యోగం ఒకచోట, మనసు ఒకచోట

ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో ఇంగ్లండ్ వెళ్ళి చదువుకునే వీలు లేకపోయింది. 1907లో రామన్ ఎం.ఏ. పూర్తిచేశారు. ఆర్థిక శాఖ పోటీ పరీక్షలో మొదటి స్థానంలో నిలిచి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. ఆ రోజుల్లో ఒక భారతీయుడికి అంతకంటే మంచి ఉద్యోగం దొరకడం కష్టం.

కలకత్తా బౌబజార్ వీధిలో ఒక బోర్డు ఆయన కంటపడింది. మహేంద్రలాల్ సర్కార్ అనే డాక్టరు 1876లో పెట్టిన సైన్స్ సంస్థ అది. అక్కడ ల్యాబ్ ఉంది, పరికరాలున్నాయి, పరిశోధన చేసేవాళ్ళు మాత్రం పెద్దగా లేరు. రామన్ లోపలికి వెళ్ళి అనుమతి అడిగారు. కలకత్తాలో ఆ ఉద్యోగం చేసినంతకాలం పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తరువాత ఆయన అక్కడే. అశుతోష్ డే అనే సహాయకుడు ఆయనకు తోడుగా ఉండేవారు.

అక్కడ చేసిన పనుల్లో రెండు మన పిల్లలకు చెప్పదగ్గవి. తండ్రి వాయించిన వయొలిన్ మీద ఆయనకు ఎప్పటి నుంచో ఆసక్తి. కమాను ఎంత వేగంగా, ఎంత ఒత్తిడితో కదిలితే శబ్దం ఎలా మారుతుందో కొలవాలి. మనిషి చెయ్యి ఒకేలా కదలదు కాబట్టి వయొలిన్ వాయించే యంత్రాన్ని అక్కడి వర్క్‌షాప్‌లోనే తయారుచేయించారు. మన మృదంగం సంగతి ఇంకోటి. మామూలు డ్రమ్ములు మోత చేస్తాయి, మృదంగం శ్రుతిలో పలుకుతుంది. మధ్యలో పూసే నల్లటి కరణే అందుకు కారణమని ఆయన చూపించారు. చర్మం ఎక్కడ కదులుతోందో, ఎక్కడ కదలడం లేదో చూడటానికి దాని మీద సన్నటి ఇసుక చల్లారు. కదలని చోట ఇసుక గీతలుగా చేరుతుంది. ఇసుకతో పని జరిగేచోట ఇసుకే వాడారు.

1917లో కలకత్తా యూనివర్సిటీ పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తామంది. జీతం ప్రభుత్వ ఉద్యోగం కంటే బాగా తక్కువ. తెలిసే ఒప్పుకున్నారు. పిల్లలకు ఏది కొనాలో లెక్కలు వేసుకునే మనలాంటివాళ్ళం ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. డబ్బు విలువ తెలియక ఆయన అలా చేయలేదు. పదేళ్ళు లెక్కల శాఖలో ఆఫీసర్‌గా పనిచేసిన మనిషి ఆయన. తనకు ఏ పని కావాలో తేలిపోయింది కాబట్టి, దానికి ఎంత వదులుకోవచ్చో కూడా తేలిపోయింది.

ఓడ మీద జేబులో పట్టే పరికరం

1921లో రామన్ మొదటిసారి ఇంగ్లండ్ వెళ్ళారు. తిరిగి వస్తూ నార్కుండా అనే ఓడలో మధ్యధరా సముద్రం దాటారు. ఆ నీటి నీలం ఆయనను వదల్లేదు. సముద్రం నీలంగా కనిపించేది ఆకాశం ప్రతిబింబం వల్లేనని అప్పటికి పేరున్న శాస్త్రవేత్త లార్డ్ రేలీ చెప్పి ఉన్నారు. బీచ్ రోడ్ మీద ఎవరిని అడిగినా ఇవాళ్టికీ అదే చెబుతారు.

రామన్ దగ్గర నికల్ ప్రిజం ఉంది. చిన్న స్ఫటికపు ముక్కలతో చేసిన వస్తువు, జేబులో పడుతుంది. ఒక ప్రత్యేక కోణంలో దానిలోంచి చూస్తే నీటి పైభాగం నుంచి ప్రతిఫలించే మెరుపు ఆగిపోతుంది. ఆకాశం ప్రతిబింబమే కారణమైతే, మెరుపు ఆగగానే నీలం కూడా పోవాలి. పోలేదు. ఇంకా చిక్కగా కనిపించింది. అంటే నీటి లోపలి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయి. ఓడ బొంబాయి చేరేసరికి ఆయన ఆ సంగతి రాసి, నేచర్ పత్రికకు పంపేశారు.

ఇవాళ కెమెరా షాపులో పోలరైజర్ ఫిల్టర్ అని అడిగితే ఇచ్చేది ఇదే పని చేస్తుంది. లెన్స్ ముందు బిగించి మెల్లగా తిప్పితే నీటి మీది మెరుపు తగ్గుతుంది, లోపలి రంగు కనిపిస్తుంది. పెద్ద లెన్స్ ధరతో పోలిస్తే దీని ఖరీదు చాలా తక్కువ. రుషికొండలో మీ పిల్లలు తీసిన సముద్రం తెల్లగా పాలిపోయి వస్తోందంటే, లక్షన్నర లెన్స్ కంటే ముందు ఈ చిన్న గాజు అడగాల్సింది.

ఇక్కడిదాకా చదివి, ఖరీదైనవి అక్కర్లేదని నేను చెప్పబోతున్నానని మీకు అనిపించి ఉంటుంది. కథ అక్కడ ఆగలేదు.

పెద్ద లెన్స్ ఎందుకు కావలసి వచ్చింది

కలకత్తా తిరిగొచ్చాక రామన్, ఆయన శిష్యులు రకరకాల ద్రవాల్లోంచి వెలుగు పంపి, అది ఎలా చెదురుతుందో చూస్తూ వచ్చారు. 1923లో కె.ఆర్. రామనాథన్ అనే శిష్యుడు ఒక వింత చూశారు. చెదిరిన వెలుగులో అసలు వెలుగు రంగుతో పాటు వేరే రంగు కూడా చాలా మసగ్గా కనిపిస్తోంది. ద్రవంలో మలినం ఉందేమోనని మళ్ళీ మళ్ళీ శుద్ధి చేశారు. అయినా ఆ మసక వెలుగు పోలేదు. తరువాత కె.ఎస్. కృష్ణన్ ఈ పనిలో చేరారు.

ప్రశ్న స్పష్టంగా ఉంది. ద్రవంలోని అణువులు వెలుగు రంగునే మారుస్తున్నాయా? కానీ చూడాల్సిన వెలుగు అతి స్వల్పం. ద్రవంలోకి వెళ్ళిన వెలుగులో దాదాపు కోటిలో ఒక వంతు. చీకటి గదిలో చాలాసేపు కూర్చుని కళ్ళు అలవాటు చేసుకున్నా, ఉందా లేదా అన్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఇసుక పనికిరాదు, జేబులో పట్టే ప్రిజం చాలదు. లోపలికి పంపే వెలుగును పెంచాలి. అందుకు పెద్ద లెన్స్ కావాలి.

అందుకే ఆయన టెలిస్కోపు లెన్స్ వాడారు. దాని వెడల్పు 18 సెంటీమీటర్లు, అంటే ఏడంగుళాలు. ఫోకల్ లెంగ్త్ 230 సెంటీమీటర్లు. ఎండను ఆ పెద్ద లెన్స్‌తో పోగుచేసి, 5 సెంటీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న ఇంకో చిన్న లెన్స్‌తో ఒక్కచోటికి తెచ్చి, శుద్ధిచేసిన ద్రవంలోకి పంపారు. మన పిల్లలు కాగితం కాల్చి ఆడుకునే 5 సెంటీమీటర్ల భూతద్దంతో పోలిస్తే, 18 సెంటీమీటర్ల లెన్స్ దాదాపు పదమూడు రెట్లు ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది. వెడల్పు రెట్టింపైతే వెలుగు నాలుగింతలవుతుందన్న లెక్క ప్రకారం మీ పిల్లలే ఇది వేసి చూపించగలరు.

కెమెరా షాపులో మీరు డబ్బు పోసేది ముఖ్యంగా ఈ లెక్కకే. లెన్స్ మీద ఎఫ్ అని రాసి పక్కన ఒక అంకె ఉంటుంది. అంకె చిన్నదైతే ద్వారం పెద్దది, లోపలికొచ్చే వెలుగు ఎక్కువ. జూమ్ చేసిన కిట్ లెన్స్ ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. బాబు అడిగిన లెన్స్ ఎఫ్ 2.8. అంటే నాలుగు రెట్లు వెలుగు. సాయంత్రం మసక చీకట్లో పరిగెడుతున్న మనిషిని కిట్ లెన్స్‌తో తీస్తే చెదిరిపోయే ఫొటో, దీనితో తీస్తే నిలుస్తుంది. ఇది కంపెనీ పేరు గొప్ప కాదు, వెలుగు చేసే పని.

ధర అంత ఎందుకంటే, లెన్స్ అన్ని వైపులా రెట్టింపైతే అందులో పట్టే గాజు ఎనిమిది రెట్లు. ఆ గాజులో బుడగ గానీ, చార గానీ ఉండకూడదు. ఒక్క గాజు ముక్కతో రంగులన్నీ ఒకేచోట కలవవు కాబట్టి రకరకాల గాజులతో పదిహేను ఇరవై ముక్కలు ఒకదాని వెనక ఒకటి బిగిస్తారు. ప్రతి ముక్కకూ మెరుపు రాకుండా పూత వేస్తారు. కొనేవాళ్ళు తక్కువ కాబట్టి తయారయ్యేవీ తక్కువే. పేరుకు కూడా కొంత డబ్బు పోతుంది, కాదనను. అయితే ధరలో పెద్ద భాగం నిజమైన పనికే.

1928 ఫిబ్రవరి 28

పెద్ద లెన్స్‌తో వెలుగు పెరిగింది. పరీక్ష మాత్రం చాలా సులువైనది. ఒకటి నీలి ఊదా రంగు గాజు, ఇంకోటి పసుపు ఆకుపచ్చ గాజు. రెండూ కలిపి ఎండకు అడ్డం పెడితే ద్రవంలో వెలుగు దారి పూర్తిగా మాయమవుతుంది. రెండో గాజును అక్కడి నుంచి తీసి, ద్రవానికీ కంటికీ మధ్య పెట్టారు. వెలుగు రంగు మారకపోతే ఇప్పుడు కూడా ఏమీ కనిపించకూడదు. కానీ కనిపించింది. ద్రవం లోపల వెలుగు రంగు మారుతోంది.

ఫిబ్రవరి 28న రామన్ ఒక చిన్న స్పెక్ట్రోస్కోప్‌తో చూస్తే, అసలు రంగుకూ కొత్త రంగుకూ మధ్య చీకటి గీత తెలిసిపోయింది. మర్నాడే పత్రికలకు చెప్పారు. ఆ తరువాత ఎండ బదులు పాదరసపు దీపం వాడి, హిల్గర్ కంపెనీ చిన్న స్పెక్ట్రోగ్రాఫ్‌తో ఆ గీతల ఫొటోలు తీశారు. అవును, చివరికి సాక్ష్యం ఫొటోయే. వెలుగు అంత తక్కువ కాబట్టి ఒక్కో ప్లేటును గంటల తరబడి తెరిచి ఉంచాల్సి వచ్చేది.

దాదాపు అదే రోజుల్లో మాస్కోలో లాండ్స్‌బెర్గ్, మాండెల్‌స్టామ్ అనే ఇద్దరు స్ఫటికాల్లో ఇదే సంగతి చూశారు. ప్రకటించడంలో వెనకబడ్డారు. 1930లో ఫిజిక్స్ నోబెల్ రామన్‌కు వచ్చింది. సైన్స్‌లో ఆసియా ఖండానికి వచ్చిన మొదటి నోబెల్ అది.

రామన్ కొన్ని వందల రూపాయల పరికరాలతో నోబెల్ తెచ్చారని మన స్కూళ్ళలో గొప్పగా చెబుతాం. నేను కూడా అసెంబ్లీలో ఆ మాట చెప్పాను. వినడానికి బాగుంటుంది గానీ, అందులో ఏడంగుళాల లెన్స్ ఊసు ఉండదు. రంగు గాజులు చవకవే, చిన్న స్పెక్ట్రోస్కోప్ చవకదే. ఆ టెలిస్కోపు లెన్స్ లాంటిది మాత్రం చవగ్గా దొరికేది కాదు, అది లేకుండా ఆ మసక వెలుగు అంత తేటగా కనిపించేదీ కాదు. అన్నీ చవగ్గా చేయడంలో ఆయన గొప్పతనం లేదు. ఏది చవగ్గా సరిపోతుందో, ఏది సరిపోదో ఆయనకు తెలుసు. అంతకు ముందు ఏడేళ్ళు వెలుగు చెదరడం మీద పనిచేశారు కాబట్టే తెలుసు.

తరువాతి జీవితం

1929లో సర్ బిరుదు వచ్చింది. 1933లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టర్‌గా వెళ్ళారు. 1948లో అక్కడే తన పేరుతో సొంత పరిశోధనా సంస్థ పెట్టారు. వజ్రాలు కొనడానికి బాగా ఖర్చు పెట్టారు. నగల కోసం కాదు. స్ఫటికాల్లో వెలుగు ఎలా ప్రవర్తిస్తుందో చూడాలంటే వజ్రాన్ని మించినది లేదు కాబట్టి వందల సంఖ్యలో సేకరించారు. 1954లో భారతరత్న అందుకున్నారు. 1970 నవంబర్ 21న బెంగళూరులో కన్నుమూశారు.

మన ఊరితో ఆయన బంధం శిష్యుల ద్వారా మళ్ళీ కలిసింది. సూరి భగవంతం కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, తరువాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి ఫిజిక్స్ విభాగాన్ని పెంచారు. రామన్ చూపిన వెలుగు మార్పు మీద ఆయన పుస్తకం కూడా రాశారు. లెక్చరర్ గారి అబ్బాయి ఆడుకున్న ఊరికే ఆయన చదువు తిరిగి చేరింది.

ఇక ఆ నాన్నగారికి నా జవాబు

మీటింగ్ అయిన వారానికి నేను బాబుని పిలిచి ఒక పని చెప్పాను. తను తీయాలనుకుని తీయలేకపోయిన ఫొటోలు ఇరవై తీసుకురమ్మన్నాను. బాగా వచ్చినవి వద్దు, పాడైపోయినవే కావాలన్నాను. ఒక్కో దాని కింద ఎందుకు పాడైందో ఒక వాక్యం రాయమన్నాను. ఇంగ్లీషు టీచర్ని కదా, వాక్యం అడగకుండా ఉండలేను.

బాబు తెచ్చాడు. పన్నెండు ఫొటోలు ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందు తీసినవి. చేపలు దింపేవాళ్ళు, వేలం పాడేవాళ్ళు. వెలుగు చాలక అన్నీ చెదిరిపోయాయి. నాలుగింటిలో డాల్ఫిన్స్ నోజ్ అవతల ఓడ అగ్గిపెట్టెంత పడింది. మిగతా నాలుగూ ఎక్కడ నిలబడి తీయాలో చూసుకోకపోవడం వల్ల పాడయ్యాయి. అది బాబే రాశాడు. నేను చెప్పలేదు.

ఆ కాగితం మీదే జవాబు ఉంది. పన్నెండింటికి వెలుగు కావాలి, జూమ్ అక్కర్లేదు. వేలం పాట దగ్గర మనుషులు రెండడుగుల్లో ఉంటారు. దానికి 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ సరిపోతుంది. ఎఫ్ 5.6తో పోలిస్తే తొమ్మిది రెట్లకు పైగా వెలుగు. పదిహేను వేల లోపే దొరుకుతుంది. నాలుగు ఓడ ఫొటోల కోసం పెద్ద లెన్స్‌ను ఒక ఆదివారం అద్దెకు తెచ్చుకోవచ్చు. పెళ్ళి ఫొటోలు తీసే స్టూడియోవాళ్ళను అడిగితే ఎక్కడ ఇస్తారో చెబుతారు. చివరి నాలుగింటికి ఏ లెన్స్ కొన్నా లాభం లేదు. రెండడుగులు పక్కకు జరగడం నేర్చుకోవాలి.

మీ ఇంట్లో కూడా ఇలా చేసి చూడండి. ఖరీదైన వస్తువు అడిగిన పిల్లల్ని వద్దు అని కసరకండి, వెంటనే కొనిచ్చి చేతులు దులుపుకోకండి. ఇప్పుడున్న దానితో ఏం చేయలేకపోతున్నావో చూపించు అని అడగండి. చూపించలేకపోతే ఇంకా ఆ వస్తువు అవసరం రాలేదని పిల్లలకే అర్థమవుతుంది. చూపిస్తే, ఎంత అవసరమో మీకు అర్థమవుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మిట్ట మధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటోని ఫోన్‌లో చూస్తే, చవక లెన్స్‌తో తీసిందో, ఖరీదైన లెన్స్‌తో తీసిందో నేను కూడా చెప్పలేను. తేడా తెలిసేది వెలుగు తక్కువైనప్పుడు, ఫొటోని గోడంత పెద్దది చేసినప్పుడు. దానితో సంపాదించేవాళ్ళకు, రాత్రి పెళ్ళిళ్ళు, ఆటల పోటీలు తీసేవాళ్ళకు ఆ డబ్బు న్యాయమే. మంచి లెన్స్ కెమెరా మారినా చాలా ఏళ్ళు పనికొస్తుంది.

కాబట్టి ఆ నాన్నగారికి నేను చెప్పేది ఇది. ఆ లెన్స్ ఆ ధరకు తగినదే. మోసం ఏమీ లేదు. కానీ మీ బాబు ఫొటోలకు ఇప్పుడు కావలసింది అది కాదు. లోన్ ఇప్పుడే పెట్టకండి. ఒక ఏడాది హార్బర్‌లో ఆ చిన్న లెన్స్‌తో తీయనివ్వండి. ఏడాది తరువాత మళ్ళీ ఇరవై ఫొటోలు తెమ్మనండి. అప్పుడు ఇరవైలో పదిహేను ఫొటోలు పెద్ద లెన్స్ లేక పాడైనవైతే, లోన్ పెట్టమని మీకు నేనే చెబుతాను.

ఫొటోగ్రఫీ క్లబ్ ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లలో జరుగుతుంది. మీకు వీలైతే రండి. పాడైన ఫొటోలు ఉంటే తీసుకురండి.